మూలుగుకు ఐదు మార్కుల కోత

నీలంపేట ఏరియా ఆసుపత్రిలో రోగులు తమకు తోచినంత తాపీగా కోలుకుంటున్నారన్న సంగతి ఎలాగో రాజధానికి తెలిసిపోయింది. ఇరవై ఎనిమిది ఆసుపత్రులను వరసపెట్టి చూస్తే నీలంపేటది ఇరవై ఏడో స్థానం. ఇరవై ఎనిమిదోది వరదలో మునిగి అప్పటికి మూతబడి ఉంది.

సూపరింటెండెంటు డాక్టర్ విశ్వనాథం ఈ మాట సమీక్షా సమావేశంలో నిలబడి విన్నారు. ఆయన ముప్ఫై ఏళ్లుగా కడుపులు కోసి కుట్టిన మనిషి. పొట్ట మీద అరచెయ్యి ఆనిస్తే లోపలి సంగతి చెప్పేస్తారని చుట్టుపక్కల పేరు. ఆ చేత్తోనే సంజాయిషీ రాసి సంతకం పెట్టి, తిరుగు రైల్లో వెంట ఒక అధికారిని తీసుకొచ్చారు.

ఆయన పేరు చంద్రమౌళీశ్వరరావు. స్ఫూర్తి విభాగంలో ప్రత్యేకాధికారి. అంతకుముందు ఒక బస్సు డిపోలో పనిచేసి, డ్రైవర్ల మధ్య పోటీ పెట్టి, బస్సులన్నిటినీ వేళకన్నా ముందే గమ్యం చేర్చిన ఘనుడు. దారిలో ప్రయాణికులను ఎక్కించుకోకపోతే అది సాధ్యమేనని డ్రైవర్లు మొదటి వారంలోనే కనిపెట్టారు.

ఆయన మూడో వార్డు మధ్యలో నిలబడి ఉపన్యసించారు. అది మగవాళ్ల ఆపరేషన్ల వార్డు. ఇరవై నాలుగు మంచాలు.

"మిత్రులారా! రోగం శారీరకం. ఆలస్యం మానసికం. పక్క మంచంవాడు తనకన్నా ముందు ఇంటికి వెళ్లిపోతున్నాడన్న బాధ లేనివాడికి కోలుకోవలసిన అగత్యం ఏముంది? ఈ వార్డులో నేను గమనించినది తీవ్రమైన పరస్పర సహకారం. దీనిని తక్షణం అరికట్టవలసి ఉన్నది."

ఆ సహకారం ఎక్కడ గమనించారో వార్డులో అందరికీ తెలుసు. ఆయన లోపలికి వచ్చే సమయానికి పదమూడో నంబరు మంచం మీది గౌరునాయుడు, పద్నాలుగో నంబరు మంచం మీది సింహాచలానికి గ్లాసుతో గంజి అందిస్తున్నాడు.

గౌరునాయుడు తాపీమేస్త్రి. యాభై దాటినవాడు. కడుతున్న ఇంటికి కట్టిన సారువ, ఎక్కి నిలబడ్డ కర్ర విరిగి కిందపడితే కాలి ఎముకలో రాడ్డు వేశారు. సింహాచలం బడి బస్సు డ్రైవరు. పేగు చీము పట్టి పగిలిపోయిన సమయానికి తెచ్చారు. విశ్వనాథం గారే కోసి కుట్టారు. ఇద్దరిదీ పరిచయం నాలుగు రోజులే గానీ, అప్పటికే ఒకరినొకరు 'అన్నా', 'తమ్ముడూ' అని పిలుచుకునే వరస. గౌరునాయుడి భార్య పైడమ్మ తెచ్చిన గంజి ఇద్దరికీ, సింహాచలం భార్య నూకరత్నం తెచ్చిన బత్తాయిలు ఇద్దరికీ.

మర్నాటి నుంచి పోటీ మొదలైంది. నిబంధనల పుస్తకం అచ్చువేసి ప్రతి మంచానికీ దారంతో కట్టారు. వంట్లో వేడి సరిగ్గా ఉంటే ఇరవై మార్కులు. వరండా చివరిదాకా నడిచి వస్తే పదిహేను. కట్టు మార్చనవసరం లేదని చెబితే పది. నొప్పి లేదని స్వయంగా ప్రకటిస్తే పాతిక. మూలిగితే ఐదు కోత. పక్కవాడు మూలిగిన సంగతి చెప్పినవాడికి రెండు మార్కులు అదనం. పారదర్శకత కోసం ఆ చెప్పినవాడి మంచం నంబరు కూడా బోర్డు మీద రాస్తారు.

హెడ్ నర్సు ఎస్తేరు రాణికి ఒక సందేహం వచ్చింది. "సార్, కాలు విరిగినవాళ్లు వరండా చివరిదాకా ఎలా నడుస్తారు?"

"కాలు విరిగినవారికి మినహాయింపు ఇచ్చామే అనుకోండి సిస్టర్, రేపు అందరూ కాళ్లు విరగ్గొట్టుకుంటారు" అన్నారు ప్రత్యేకాధికారి.

మొదటి ఐదు ర్యాంకుల వాళ్లకే ఇంటి మనిషిని మంచం దగ్గర ఉంచుకునే పాసు. మిగతావాళ్ల మనుషులు గేటు బయట ఉండాలి. మొదటి ర్యాంకువాడికి ఎనిమిదో రోజున 'సంపూర్ణ ఆరోగ్యవంతుడు' అని సర్టిఫికెట్టు, వేదిక మీద సన్మానం. వార్డు సగటును బట్టి నర్సులకు, నర్సుల సగటును బట్టి డాక్టర్లకు ర్యాంకులు. డాక్టర్ల సగటును బట్టి సూపరింటెండెంటు గారికి ఏదో ఉందట. అది ఆయన ఎవరికీ చెప్పలేదు.

గౌరునాయుడికి ఆ పాసు కావాలి. పైడమ్మ పట్టుకోకపోతే అతను మంచం దిగలేడు. ఆమె భుజం లేకుండా మరుగుదొడ్డికి వెళ్లలేడు. సింహాచలానికి ఆ సర్టిఫికెట్టు కావాలి. పదో రోజుకల్లా స్టీరింగు దగ్గర కనిపించకపోతే వేరేవాణ్ని పెట్టుకుంటానని బస్సు యజమాని కబురు పెట్టాడు. ఇలా ఇద్దరికీ పోటీ మీద గౌరవం ఏర్పడింది.

వారం తిరగకుండా మూడో వార్డు మారిపోయింది. ఒకప్పుడు గోలగోలగా ఉండే వార్డు ఇప్పుడు పరీక్ష హాలులా నిశ్శబ్దంగా ఉంది. జనం పళ్లు బిగించి నవ్వుతూ పడుకుంటున్నారు. ఇరవయ్యో నంబరు మంచం మీది ముసలాయన దగ్గు వస్తే తలగడలో ముఖం దాచుకునేవాడు. నీళ్లు అందుకోలేక గ్లాసు జారవిడిస్తే ఎవరూ తీసిచ్చేవారు కాదు. తీసిస్తే ఆయన నీళ్లు తాగుతాడు, తాగితే కోలుకుంటాడు.

ఆసుపత్రి గేటుకు ఎదురుగా, అంతవరకు ఎంట్రన్సు పరీక్షలకు తర్ఫీదు ఇచ్చిన ఒక లెక్చరరు కొత్త బోర్డు పెట్టాడు. 'త్వరిత ఆరోగ్య శిక్షణ కేంద్రం. మా దగ్గర నేర్చుకున్నవారు, మొదటి పదిలో ఏడుగురు.' రోగులు రాలేరు గనక బంధువులకే పాఠాలు. డాక్టరు నొక్కినప్పుడు నవ్వడం ఎలా? నుదుటికి గురిపెట్టే థర్మామీటరు వచ్చే ముందు తడి తువ్వాలు ఎంతసేపు ఉంచాలి? నూకరత్నం ఆ తరగతులకు రోజూ వెళ్లి నోటు పుస్తకంలో రాసుకుని వచ్చేది.

ఐదో రోజు గౌరునాయుడు మొదటి ర్యాంకులో ఉన్నాడు. విరిగిన కాలితో వరండా చివరిదాకా వెళ్లి వచ్చి, నొప్పి లేదని ప్రకటించి, ఆ తరువాత మధ్యాహ్నం గోడవైపు తిరిగి పడుకుని చిన్నగా ఒక్కసారి మూలిగాడు. మర్నాడు ఉదయం బోర్డు మీద ఇలా ఉంది: 'మంచం 13. మూలుగు. ఐదు కోత. సాక్షి: మంచం 14.'

మొదటి ర్యాంకు సింహాచలానికి వెళ్లింది. గౌరునాయుడు నాలుగోవాడయ్యాడు. పాసు పోలేదు గానీ, గంజి గ్లాసు మాత్రం ఆ రోజు నుంచి ఒక్కటే అయింది. పక్క మంచంవైపు చూసిన పైడమ్మతో గౌరునాయుడు, "ఊరుకోయే. ఆడికేటి కష్టమో" అన్నాడు. అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఏడో రోజుకు సింహాచలం డెబ్బైకి డెబ్బై మార్కులతో వార్డు చరిత్రలో రికార్డు సృష్టించాడు. వేడి సరిగ్గా తొంభై ఎనిమిది పాయింటు ఆరు. మూడు రోజులుగా కట్టు మార్పించుకోలేదు. సూపరింటెండెంటు గారు రౌండ్లకు వచ్చి బోర్డు చూసి, "శభాష్" అని వెళ్లిపోయారు. మంచాల దగ్గరకు వెళ్లవలసిన పని ఆయనకు ఇప్పుడు తగ్గింది.

గౌరునాయుడికి ముందు వాసన తెలిసింది. పద్నాలుగో మంచం నుంచి పౌడరు వాసన గుప్పుమంటోంది. మగవాళ్ల వార్డులో అంత పౌడరు దేనికో అనుకున్నాడు. ఫాను తిరిగి గాలి ఇటు కొట్టినప్పుడు పౌడరు కింద ఉన్న ఇంకో వాసన తెలిసింది. తిరిగి చూస్తే దుప్పటి కింద సింహాచలం వణుకుతున్నాడు. ముఖం మీద మాత్రం నవ్వు అలాగే ఉంది.

"తమ్ముడూ, జొరమేటి?" అన్నాడు గౌరునాయుడు.

"నాకేటీ లేదు. నీ పని నువ్వు సూసుకో" అన్నాడు సింహాచలం, పెదవులు పెద్దగా కదపకుండా.

పైడమ్మ వెళ్లి నూకరత్నాన్ని వరండాలో పట్టుకుంది. "పిల్లా, మీ ఆయన పుండు కుళ్లినట్టుంది. సిస్టరమ్మకి సెప్పు."

"మా ఆయనకి ఫస్టొచ్చిందని మీకు కడుపుమంటగా ఉంది. ఇంక ఒక్క రోజే. మద్దిలో మీరు తగలకండి" అంది నూకరత్నం. ఆమె కళ్లు మాత్రం వాచి ఉన్నాయి.

గౌరునాయుడు ఎస్తేరు రాణిని పిలిచి చెప్పాడు. ఆమె పద్నాలుగో మంచం దగ్గరకు వెళ్లి కట్టు మీద చెయ్యి వేయబోతే, సింహాచలం రెండు చేతులతో పొట్ట కప్పుకుని, "అక్కర్లేదని రాసిచ్చేసాను సిస్టర్. పది మార్కులు పోతాయి" అన్నాడు. ఆమె సూపరింటెండెంటు గదికి వెళ్లింది.

"బోర్డు మీద తొంభై ఎనిమిది పాయింటు ఆరు ఉంది కదా సిస్టర్" అన్నారు ఆయన.

"బోర్డుకు జ్వరం లేదు సార్. మనిషికి ఉంది."

"ఎవరు చెప్పారు?"

"పక్క మంచం గౌరునాయుడు."

"ర్యాంకు ఎంత?"

"నాలుగు."

విశ్వనాథం గారు నిబంధనల పుస్తకం తెరిచి చదివారు. "పద్నాలుగో నిబంధన. మూలుగు విషయమున తప్ప, దిగువ ర్యాంకువారు ఎగువ ర్యాంకువారి ఆరోగ్యముపై చేయు ఆరోపణలు అసూయాజనితములుగా పరిగణించి తిరస్కరించవలెను." పుస్తకం మూసి, కిటికీలోంచి బయటకు చూశారు. "రేపు ప్రత్యేకాధికారి గారు వస్తున్నారు. సన్మానం అయిపోనివ్వండి. తరువాత నేనే చూస్తాను."

ఎస్తేరు రాణి వార్డుకు తిరిగి వచ్చింది. ఏమైందని గౌరునాయుడు అడిగితే, అతని మంచానికి కట్టి ఉన్న పుస్తకం తీసి ఒక పేజీ తెరిచి, గోరుతో ఒక గీత గీసి, అతని ఒళ్లో పెట్టింది.

"చదవడం వచ్చా నాయుడూ?"

"కూడబలుక్కుంటాను."

"అయితే తీరిగ్గా కూడబలుక్కో. నేను నీకేమీ చెప్పలేదు."

ఆ మధ్యాహ్నం అంతా గౌరునాయుడు కూడబలుక్కున్నాడు. పదిహేనో నిబంధన. 'పోటీకి అనర్హులైనవారికి స్వప్రయోజనము ఉండదు గనుక, వారిచ్చు సమాచారము నిష్పాక్షికమైనదిగా భావించి తక్షణము విచారించవలెను.' దాని కిందే ఇంకొకటి. 'అధికారి సమక్షమున ముమ్మారు బహిరంగముగా నొప్పిని అంగీకరించినవారు పోటీకి అనర్హులు.'

పైడమ్మను దగ్గరకు పిలిచాడు. "పాసు పోద్దే."

"పోతే?"

"నువ్వు గేటు కాడ కూకోవాలి. నన్ను లెగదీసేవోళ్లు ఉండరు."

పైడమ్మ పక్క మంచం వైపు చూసింది. సింహాచలం కళ్లు మూసుకుని నవ్వుతూ వణుకుతున్నాడు. నూకరత్నం అతని నుదుటి మీద తువ్వాలు మారుస్తోంది.

"నీకు మంచం కింద డబ్బా ఎట్టి ఎల్తాను. నాను గేటు కాడే ఉంటాను. ఎక్కడికి పోతాను?" అంది.

మర్నాడు పదకొండు గంటలకు వార్డులో కుర్చీలు వేశారు. పూలదండలు వచ్చాయి. చంద్రమౌళీశ్వరరావు గారు మైకు అందుకున్నారు.

"ఎనిమిది రోజుల క్రితం ఇదే వార్డులో నేను మూలుగులు విన్నాను. ఈనాడు ఏమి వినబడుచున్నది? ఏమియును లేదు! ఈ నిశ్శబ్దమే ఆరోగ్యము. ఈ నిశ్శబ్దమే..."

"అమ్మో! నొప్పి!" అన్నాడు గౌరునాయుడు.

ఎనిమిది రోజులుగా లోపల అణచిపెట్టిన నొప్పి అది. అతను నటించవలసిన అవసరం లేకపోయింది. మైకు కూడా ఆ మాటను అందుకుని వార్డంతా మోగించింది.

"ఎవరది? క్రమశిక్షణ!" అన్నారు ప్రత్యేకాధికారి.

"నానే బాబూ. పదమూడో నంబరు. కాలు సలిపేస్తంది. రేత్రీ పగలూ ఒకటే పోటు. నొప్పి! నొప్పి! రాసుకోండి, మూడుసార్లు అన్నాను."

ప్రత్యేకాధికారి సూపరింటెండెంటు వైపు చూశారు. సూపరింటెండెంటు బోర్డు వైపు చూశారు. ఎస్తేరు రాణి సుద్దముక్కతో పదమూడో నంబరును కొట్టేసి 'అనర్హుడు' అని శుభ్రంగా రాసింది.

అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. ఇరవయ్యో మంచం మీది ముసలాయన తలగడలోంచి ముఖం ఎత్తి, దగ్గడం మొదలుపెట్టాడు. వారం రోజుల దగ్గు. దగ్గి దగ్గి, "అయ్యో, గుండెల్లో నొప్పి బాబో" అన్నాడు. ఆయన పక్కవాడు, "నాకూ కుట్లు లాగేస్తున్నాయి" అన్నాడు. మూడో మంచం, ఏడో మంచం, పదకొండో మంచం. ఇటు నుంచి ఒకడు అయ్య పేరు, అటు నుంచి ఒకడు అమ్మ పేరు పిలిచాడు. కొందరు మూలుగుతూనే ఏడ్చారు. ఇద్దరు ముగ్గురు మూలుగుతూనే నవ్వారు కూడా. ఎస్తేరు రాణి సుద్దముక్క అరిగిపోయి ఇంకోటి తీసుకుంది.

కాసేపటికి బోర్డు మీద పోటీలో మిగిలింది పద్నాలుగో నంబరు ఒక్కటే. అంటే ఆ ఒక్కడే మొదటివాడు, ఆ ఒక్కడే చివరివాడు. చివరివాడికి సన్మానం చేయవచ్చునా, చేయకూడదా అన్నది పుస్తకంలో లేదు. ప్రత్యేకాధికారి పేజీలు తిప్పుతున్నారు.

గౌరునాయుడు గొంతు పెంచాడు. "బాబూ, నాను అనర్హుణ్ని. పదిహేనో నిబంధన పెకారం సెప్తున్నాను. పద్నాలుగో నంబరు వాడి పొట్ట కుళ్లిపోతంది. ఒళ్లు కాలిపోతంది. కట్టు ఇప్పి సూడండి."

ప్రత్యేకాధికారి పదిహేనో నిబంధన చదువుకున్నారు. ఎవరెన్ని అన్నా ఆయన నిబంధన మీరే మనిషి కాదు. "సమాచారము నిష్పాక్షికము. విచారించవలసినదే. ఒక ఉపసంఘమును..."

విశ్వనాథం గారు ఆ మాట పూర్తికానివ్వలేదు. చేతిలోని పూలదండను పక్క కుర్చీలో పడేసి, పద్నాలుగో మంచం దగ్గరకు వెళ్లి, దుప్పటి తీసి, సింహాచలం పొట్ట మీద అరచెయ్యి ఆనించారు. ఆనించి తీసేశారు.

"థియేటరు సిద్ధం చెయ్యండి. ఇప్పుడే. ఇప్పుడే అంటున్నాను" అని అరిచారు.

స్ట్రెచరు మీదకు ఎత్తుతుంటే సింహాచలం, "సార్, సర్టిఫికెట్టు" అన్నాడు. నూకరత్నం నోటు పుస్తకం కిందపడేసి స్ట్రెచరు వెంట పరుగెత్తింది.

ఆ రోజు వార్డులో ఇంకో నలుగురికి జ్వరాలు బయటపడ్డాయి. సింహాచలం పొట్టలో చీము తీసి, సాయంత్రానికి నగరంలోని పెద్దాసుపత్రికి పంపారు. ప్రాణం దక్కింది. బస్సు స్టీరింగు దగ్గర అప్పటికే ఇంకొకడు కూర్చున్నాడు.

విచారణ జరిగింది. 'మంచం 14 రోగి తన జ్వరమును దాచి పోటీ నిబంధనలను ఉల్లంఘించినందున' తప్పు రోగిదేనని తేలింది. విశ్వనాథం గారిని కొండల మీది చిన్న ఆసుపత్రికి బదిలీ చేశారు. అక్కడ బోర్డు లేదట, సుద్దముక్కలూ లేవట. ఆయన సంతోషంగానే వెళ్లారని ఎస్తేరు రాణి చెప్పింది. చంద్రమౌళీశ్వరరావు గారు పదోన్నతి మీద శిశు సంక్షేమ శాఖకు వెళ్లారు. అక్కడ పసిపిల్లలకు పళ్లు మొలవడంలో జాప్యాన్ని అధ్యయనం చేస్తున్నారు.

గౌరునాయుడు మాత్రం ఆసుపత్రిలో చిక్కుకుపోయాడు. కాలు నయమయింది. కానీ డిశ్చార్జి కాగితంలో తొమ్మిదో గడి 'తుది ర్యాంకు'. అనర్హుడికి ర్యాంకు లేదు. ర్యాంకు లేకుండా కంప్యూటరు కాగితం ఇవ్వదు. "పోటీ ఎత్తేశారు కదండీ" అని పైడమ్మ గేటు బయటి నుంచి అడిగింది. "పోటీ ఎత్తేశారు, గడి ఎత్తెయ్యలేదు" అన్నాడు గుమస్తా. పదకొండు రోజులు చూసి, పన్నెండో రోజు పొద్దున్నే గౌరునాయుడు చేతికర్ర పట్టుకుని నడుచుకుంటూ గేటు దాటేశాడు. 'పరారైన రోగి' అని రికార్డులో రాశారు. కంప్యూటరు దాన్ని ఒప్పుకుంది.

మొగుడూ పెళ్లాలు ఇంటి బస్సు ఎక్కలేదు. నగరం బస్సు ఎక్కారు.

పెద్దాసుపత్రిలో సింహాచలం సగం మనిషి అయి ఉన్నాడు. గౌరునాయుణ్ని చూసి లేవబోయాడు, చాతకాలేదు. నూకరత్నం పైడమ్మ చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకుపోయింది.

"అన్నా, ఆ దినం నువ్వు మూలిగేవని నానే సెప్పేను" అన్నాడు సింహాచలం.

"ఎరుగుదును. బోర్డు మీద రాసేరు కదా."

"తెలిసి కూడా..."

"ఉత్తి పుణ్యానికి సెప్పేవేటి? రెండు మార్కులు ఇచ్చేరు కదా?"

"మార్కులతోపాటు ఓ గుడ్డు కూడా ఇచ్చేరన్నా. సెప్పినోళ్లకి ఆ పూట ఇస్తారు. ఎవుళికీ సెప్పొద్దన్నారు."

"తిన్నావా?"

సింహాచలం గోడ వైపు తిరిగాడు.

"సగం తిన్నాను" అన్నాడు. "సగం నీకు ఇద్దామని దాసేను. నువ్వు అటేపు తిరిగి తొంగున్నావు."

గౌరునాయుడు చేతికర్రను మంచానికి ఆనించి, అతని పక్కన కూర్చున్నాడు.